బావిలోని జీవి, బావి గోడ: హారర్ సినిమాకు రెండూ కలిపి డిజైన్ చేయడం

హారర్ సినిమాల్లో మామూలుగా జరిగేది ఇదీ: జీవిని తయారుచేసే పని ప్రోస్థటిక్స్ బృందానికి వెళ్తుంది, సెట్ పని ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి వస్తుంది. ఒకరి డ్రాయింగులు ఇంకొకరు చూడరు. రెండూ మొదటిసారి ఎదురుపడేది షూటింగ్ రోజు పొద్దున. అప్పుడు గోడ గోడలాగే ఉంటుంది, దాని ముందు నిలబడ్డ జీవి మాత్రం రబ్బరు సూట్‌లా కనిపిస్తుంది. సూట్ చెడ్డగా చేసినందువల్ల కాదు. ఆ గోడకీ ఆ ఒంటికీ చుట్టరికం లేకపోవడం వల్ల.

ఈ చుట్టరికం ఎలా కుదురుతుందో చూడాలంటే 1979లో వచ్చిన అంతరిక్ష హారర్ సినిమా ‘ఏలియన్’ కంటే మంచి పాఠం లేదు. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ 1976లో వేసిన ఒక బొమ్మ ఆ జీవికి మూలం. దర్శకుడు రిడ్లీ స్కాట్ జీవిని మాత్రమే కాకుండా దాని గుడ్లను, పాడుబడ్డ గ్రహాంతర ఓడను, అది పడి ఉన్న గ్రహం నేలను కూడా గీగర్‌కే అప్పగించాడు. మనుషుల ఓడను రాన్ కాబ్ వంటి వేరే డిజైనర్లు చూసుకున్నారు. 1978లో ఇంగ్లండ్‌లోని షెప్పర్టన్ స్టూడియోలో గీగర్ ప్లాస్టిసీన్ అనే నూనెమట్టిలో నిజమైన ఎముకలు కలిపి తన చేత్తోనే చెక్కాడు. ఓడ గోడల మీద ఉన్న పక్కటెముకలు, గొట్టాలే జీవి ఒంటి మీదా ఉంటాయి. అందుకే చివర్లో ఆ జీవి చిన్న ఓడలో పైపుల మధ్య ముడుచుకుని ఉన్నప్పుడు, చెయ్యి కదిలేదాకా మనకు తెలియదు. మొదట గీసిన కళ్లను కూడా తీసేశారు: ఎటు చూస్తుందో తెలియని తల ముందు మనిషికి ఎటు తప్పుకోవాలో తెలియదు. ఆ తల కదలికల యంత్రాంగం కార్లో రాంబాల్డిది. సూట్ వేసుకున్న బొలాజీ బడేజో ఎత్తు ఆరడుగుల పదంగుళాలు. అంత పొడవు, అంత సన్నం ఉన్న మనిషి దొరకడంతో ‘లోపల మనిషి ఉన్నాడు’ అన్న లెక్క ప్రేక్షకుడికి కుదరలేదు. 1980లో ఆ సినిమాకు వచ్చిన విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌లో గీగర్, రాంబాల్డిలతో పాటు బ్రయాన్ జాన్సన్, నిక్ ఆల్డర్, డెనిస్ ఏలింగ్‌లకు కూడా భాగం ఉంది.

పొదుపు పాఠం కూడా అక్కడే ఉంది. శిలాజంగా మారిన గ్రహాంతర పైలట్ కూర్చున్న సెట్ ఎత్తు సుమారు 26 అడుగులు. అది ఇంకా పెద్దదిగా కనిపించాలని దూరపు షాట్లలో పిల్లలకు చిన్న స్పేస్ సూట్లు తొడిగి నడిపించారు. ఆ పైలట్‌ను తీసేసి, గోడలకు మార్పులు చేసి, అదే చోటును గుడ్ల గదిగా వాడుకున్నారు. చిన్న బడ్జెట్ హారర్ తీసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఈ రెండో ఉపాయమే.

మనవైపు కథకు ఇదే పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి పాడుబడ్డ మెట్లబావిని తీసుకుంటాను. హైదరాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022లో తెరిచారు. అది కొలతల కోసం చూడాలి, డిజైన్ కోసం మాత్రం బాగుచేయని బావిని చూడాలి. రాతి సందుల్లో మొలిచిన రావి వేళ్లు రాళ్లను కరుచుకుని కిందికి దిగుతుంటాయి. సున్నం పెచ్చులూడి ఉంటుంది. నీళ్లు దిగినకొద్దీ గోడ మీద అడ్డ చారలు మిగిలిపోతాయి. వేరు, పెచ్చు, చార. జీవికైనా గోడకైనా ఈ మూడే. నరాలు వేళ్లలా చీలాలి, చర్మం సున్నంలా పెచ్చులు లేవాలి, తొడల నుంచి నడుము దాకా నీటి చారలు ఉండాలి. కొమ్ములు, రెక్కలు, మొసలి పొలుసులు కూడా చేర్చమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోకూడదు. నాలుగో లక్షణం వచ్చిన క్షణం అది ఆ బావిది కాకుండా పోతుంది.

గీసిన బొమ్మను మొదట బొటనవేలంత చేసి, పూర్తిగా నల్లరంగు నింపి చూడాలి. నీడగా గుర్తుపట్టలేని జీవి, వివరాలు ఎన్ని చేర్చినా చీకట్లో నిలబడదు. తర్వాత మనిషిని దాచే పని. ప్రేక్షకుడి కన్ను మోకాలు, మోచేయి, మెడ ఎక్కడున్నాయో వెతుక్కుని లోపలి మనిషిని పట్టేస్తుంది. కాళ్లను మార్చడం ప్రమాదం, తడి మెట్ల మీద కొయ్యకాళ్లలాంటివి అసలే వద్దు. చేతులు మార్చడం తేలిక: ముంజేతిని ఆరంగుళాలు పొడిగించి, లోపల పిడి పెట్టి, నటుడి అరచేయి జీవి మణికట్టు దగ్గర ఆగేలా చేస్తే మోచేయి స్థానం తప్పిపోతుంది. తలను మెడ మీద కాకుండా మెడ ముందుకు దించి, వీపు మీద మూపురం లేపితే భుజాల రేఖ కూడా పోతుంది. ఈ రెండూ చాలు.

ఆ తర్వాత నమూనా. ఇక్కడ జీవి బొమ్మకూ సెట్ నమూనాకూ ఒకే స్కేలు ఉండాలన్నది నా గట్టి పట్టు. అడుగుకు ఒక అంగుళం తీసుకుంటే ఏడడుగుల జీవి ఏడంగుళాలు, పదహారడుగుల గోడ పదహారంగుళాలు. జీవికి అల్యూమినియం తీగ మీద మట్టి, గోడకు అట్టముక్కలు. గది దీపాలన్నీ ఆర్పి, ఒక్క సెల్‌ఫోన్ టార్చితో పక్కనుంచి, పైనుంచి, వెనకనుంచి వెలుగు వేసి ఫోటోలు తీయాలి. ఛాయాగ్రాహకుడిని ఈ దశలోనే పిలవాలి. ఏ కోణంలో జీవి గోడలో కలిసిపోతుందో, ఏ కోణంలో విడిపోతుందో ఇక్కడే తేలిపోతుంది. ఫ్లోర్ మీద అదే ప్రయోగం చేయాలంటే యూనిట్ మొత్తం నిలబడి చూస్తుంటుంది.

షాట్లు లెక్కపెట్టుకున్నాకే తయారీ మొదలుపెట్టాలి. బావి జీవికి సాధారణంగా కావలసినవి ఇవి: దగ్గరి షాట్లకు పూర్తి వివరంతో తల, చేతులు, దూరపు షాట్లకు, దూకడానికి తేలికైన ఇంకో సూట్, మెట్టు అంచు పట్టుకునే ఇన్సర్ట్‌కు, అంటే చెయ్యి మాత్రమే కనిపించే దగ్గరి షాట్‌కు, విడిగా ఒక చెయ్యి. వీపు ఎప్పుడూ కెమెరాకు రాకపోతే అక్కడ శ్రమ పెట్టక్కర్లేదు, జిప్ అక్కడే పెట్టుకోవచ్చు. సిలికాన్ తలకు ఎనిమిది నుంచి పది వారాలు అడగండి. సెట్‌కు మూడు నాలుగు వారాలు చాలు కాబట్టి నిర్మాతలు సెట్ డిజైన్‌ను వెనక్కి నెడతారు. నిర్మాణం వెనక్కి జరిగినా పర్వాలేదు, డ్రాయింగు మాత్రం జీవితో పాటే పూర్తి కావాలి.

నటుడి తల అచ్చు తీయడానికి ఆల్జినేట్ వాడతాం, నీటిలో కలిపితే మెత్తటి రబ్బరులా గట్టిపడే పొడి అది. పళ్ల డాక్టర్లు వాడే రకం రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది, తల మొత్తానికి అది చాలదు. నిదానంగా గట్టిపడే ప్రోస్థటిక్స్ రకమే తెప్పించాలి. ముఖానికి సుమారు అరకిలో పొడి పడుతుంది, తల మొత్తానికి దానికి రెండింతల పైనే. వేసవిలో మన ట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి, ఆ నీళ్లతో కలిపితే గిన్నెలోనే గడ్డకడుతుంది. ఐసు వేసి చల్లార్చిన నీళ్లు వాడండి. జుట్టు దాచే బోడితల టోపీ (బాల్డ్ క్యాప్), కనుబొమలకు, రెప్పలకు వాజలీన్. ముక్కు రంధ్రాలు తెరిచే ఉండాలి. స్ట్రాలు పెట్టడం కంటే, ఒక మనిషి అక్కడే నిలబడి వేలితో తుడుస్తూ ఉండటం మంచిది. కదిలిన స్ట్రా ముక్కు ఆకారాన్ని చెడగొడుతుంది. నటుడి చేతిని ఒకరు పట్టుకుని కూర్చోవాలి, రెండుసార్లు నొక్కితే వెంటనే తీసేయాలని ముందే చెప్పుకోవాలి. మూసుకుపోయిన చోట ఊపిరాడనట్టు భయపడేవాళ్లుంటారు, అలాంటివాళ్లకు 3డి స్కాన్ చేయించడమే మర్యాద. ఆల్జినేట్ మీద మెడికల్ షాపులో దొరికే నాలుగంగుళాల ప్లాస్టర్ బ్యాండేజి మూడు నాలుగు పొరలు వేసి, గట్టిపడ్డాక విప్పి, వెంటనే డెంటల్ స్టోన్ (రాయిలా గట్టిపడే జిప్సం పొడి) కలిపి పోయాలి. ఆల్జినేట్‌లో నీరు ఆరినకొద్దీ అది కుంచించుకుపోతుంది, భోజనం చేసొచ్చి పోద్దామనుకుంటే ముఖం చిన్నదైపోతుంది. డెంటల్ స్టోన్ నూరు గ్రాములకు ముప్ఫై మిల్లీలీటర్ల నీరు. నీటిలో పొడి చల్లాలి, పొడిలో నీరు పోయకూడదు. పోస్తే ఉండలు, బుడగలు.

ఆ రాతి తల మీద మట్టితో జీవి ముఖం చెక్కుతాం. మట్టి ఎంత మందమో చర్మం అంత మందం అవుతుంది. కదలాల్సిన చోట, అంటే నోటి చుట్టూ, బుగ్గల మీద, నాలుగైదు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. నటుడు ఎంత అరిచినా మందపాటి బుగ్గ కదలదు. దవడ కింద, నుదుటి మీద ఎనిమిది పది మిల్లీమీటర్లు ఉండొచ్చు. ముందు ఎముక, తర్వాత కండ, ఆ తర్వాత మడతలు, చివర్లో చర్మపు గరుకు. ఈ వరస తప్పి ముందే గరుకు మొదలుపెట్టినవాళ్ల ముఖం చదునుగా మిగిలిపోతుంది. బావి జీవికి పెచ్చుల అంచులను కాస్త అతిగానే లేపాలి. అచ్చులో కొంత, రంగులో కొంత పోయి, కెమెరాకు చేరేసరికి సరిపోతుంది. నిజమైన సున్నపు పెచ్చు మీద లేటెక్స్ (ద్రవ రబ్బరు) రాసి, ఆరాక ఊడబెరికి, దాన్ని మట్టి మీద ఒత్తితే గోడ మీది గరుకే ముఖం మీదికి వస్తుంది. జీవికీ గోడకూ చుట్టరికం కలిపే మొదటి ముడి అది.

మట్టి విషయంలో ఒక జాగ్రత్త పెద్దది. గంధకం కలిసిన ప్లాస్టిసీన్ మీద ప్లాటినం సిలికాన్ (ప్లాటినంతో గట్టిపడే రకం) గట్టిపడదు, ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. లేటెక్స్ చేతి తొడుగులు తగిలినా అంతే, టిన్ రకం సిలికాన్ తగిలినా అంతే, పూర్తిగా ఆరని పాలియెస్టర్ రెసిన్ తగిలినా అంతే. నైట్రైల్ తొడుగులే వాడండి. అచ్చులోపల క్లియర్ లక్కర్ రెండు పొరలు కొట్టి, మూలన చెంచాడు సిలికాన్ పోసి ఒక రాత్రి చూడండి. ఆ చెంచాడు సిలికాన్ రెండు కిలోల సరుకును కాపాడుతుంది.

తల అచ్చు రెండు ముక్కలుగా ఫైబర్‌తో, అంటే గాజుపీచు మ్యాట్, పాలియెస్టర్ రెసిన్‌లతో చేస్తాం. కోత చెవుల వెనకగా వెళ్లాలి, ముఖం మీదికి రాకూడదు. అంచు గోడ పొడవునా అక్కడక్కడ గుంటలు పెడితే రెండు సగాలూ కదలకుండా కూర్చుంటాయి. మైనపు పాలిష్ మూడు పూతలు, పైన అంటుకోకుండా పీవీఏ ఒక పూత, తర్వాత జెల్‌కోట్ అనే నున్నటి రెసిన్ పొర, ఆపైన 300 గ్రాముల మ్యాట్ ఒక పొర, 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు. రెసిన్‌కు హార్డ్‌నర్ ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. మే నెల ఎండలో ఒకటికి మించొద్దు, వేడెక్కి పొగలొస్తుంది, అచ్చు వంకరపోతుంది. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి. కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే పేలుతుంది. రెండు డబ్బాలనూ ఒకే బల్ల మీద పెట్టనివ్వకండి, ఒకే కొలపాత్ర వాడనివ్వకండి. కొత్త కుర్రాళ్లు చేరిన ప్రతిసారీ ఇది నోటితో చెప్పాలి.

చర్మానికి ప్లాటినం సిలికాన్ రెండు భాగాలు సమానంగా కలిపి, మెత్తదనం కోసం డెడెనర్ సగం నుంచి ఒక వంతు దాకా చేర్చాలి. తలా మెడా కలిపి సగటున ఎనిమిది మిల్లీమీటర్లు పోస్తే రెండు కిలోలు దాటుతుంది. లోపలి ఫైబర్ టోపీ, పళ్లు, దవడ కలిస్తే నటుడి మెడ మీద మూడు కిలోల పైనే. అందుకే నడినెత్తి దగ్గర మందం తగ్గించి, ఫైబర్‌నే పైకి తీసుకురావాలి. సిలికాన్‌ను సన్నటి ధారగా, ఒకే మూల నుంచి, కింది నుంచి పైకి నిండేలా పోయాలి. ముక్కు కొన, గడ్డం, చెవి అంచు దగ్గర నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రాలు లేకపోతే గాలి అక్కడే ఇరుక్కుంటుంది, ముక్కు లేని జీవి బయటికొస్తుంది. రంగు సిలికాన్‌లోనే కొంత కలిపి ఉండాలి. చర్మం లోపలినుంచి రంగు కనిపిస్తేనే అది ప్రాణమున్నట్టు ఉంటుంది. సన్నటి ఎర్ర ఉన్ని పోగులను కత్తిరించి కలిపితే నరాల్లాంటి ఛాయ వస్తుంది.

ఒళ్లంతా సిలికాన్‌తో చేస్తే బరువు భరించలేరు. ఒంటికి లేటెక్స్. కేరళ నుంచి వచ్చే అరవై శాతం రబ్బరున్న లేటెక్స్ ఇక్కడ సులభంగా దొరుకుతుంది. బాగా ఆరిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చులో పోసి అరగంట నుంచి నలభై నిమిషాలు ఉంచితే పీఓపీ నీటిని పీల్చుకుని గోడకు రెండు మూడు మిల్లీమీటర్ల తోలు కడుతుంది. మిగతాది తిరిగి డబ్బాలోకి ఒంపేయొచ్చు. ఈ అచ్చుకు నూనె, మైనం ఏదీ రాయకూడదు, రాస్తే పీల్చదు. వానాకాలంలో అచ్చు లోపల తడి పోవడానికి వారం పడుతుంది, పైన ఆరినట్టు కనిపించినా నమ్మొద్దు. తీసేముందు లోపల పౌడరు చల్లకపోతే లేటెక్స్ తనకు తానే అంటుకుపోతుంది, మళ్లీ విడదీయలేం. తోలు లోపల కండల ఆకారంలో స్పాంజి ముక్కలు అతికించి, దాని కింద లైక్రా బనీను. చంకల్లో, తొడల మధ్య లేటెక్స్ ఖాయంగా చిరుగుతుంది. అక్కడ ముందే సన్నటి నైలాన్ మెష్ పొర వేసి ఉంచాలి.

మన దగ్గర పాత పనితనం కొన్నిచోట్ల వీటికంటే మేలు. కొండపల్లి బొమ్మల వాళ్లు, చేర్యాల మాస్కుల వాళ్లు వాడే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు తేలిక, ఆరాక చెక్కుకోవచ్చు, గరుకు పెట్టొచ్చు. మూపురం లోపలి ఆకారానికి, గోడ మీద చచ్చిపోయిన జీవుల అస్థిపంజరాలకు నేను ఫైబర్ కంటే మక్కునే సిఫారసు చేస్తాను. దానికి పురుగు పడుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. మైలుతుత్తం కాస్త కలిపితే రెండూ ఆగుతాయి. కానీ అది విషం, చర్మానికి తగిలే చోట వాడకూడదు. పైగా రాగి రబ్బరును పాడుచేస్తుంది, లేటెక్స్ తగిలే చోటా వద్దు. ఇక నిమ్మలకుంట తోలుబొమ్మలు. గీకి గీకి పల్చబరిచిన మేకతోలు వెనక దీపం పెడితే ఎలా వెలుగుతుందో చూసినవాళ్లకు జీవి చంకల కింద పొర దేనితో చేయాలో వేరే చెప్పక్కర్లేదు. వెనకనుంచి ఒక్క లైటు పడగానే లోపలి నరాలు కనిపిస్తాయి. ఏ రంగూ ఆ ఫలితం ఇవ్వదు.

రంగులు త్వరగా చెప్పేస్తాను. లేటెక్స్ మీద, నీళ్లు కలిపిన లేటెక్స్‌లోనే రంగు కలిపి వేయాలి. మామూలు ఎక్రిలిక్ వేస్తే మొదటి మడతకే పగులుతుంది. సిలికాన్ మీద సిలికాన్ తప్ప ఏదీ నిలవదు: బాత్రూమ్ సీలెంట్‌ను టర్పెంటైన్‌లో పల్చన చేసి ఆయిల్ కలర్ కలిపి, ఆరుబయట, మాస్కు పెట్టుకుని పూయాలి. ముదురు రంగు గుంటల్లోకి, లేత రంగు పెచ్చుల అంచుల మీదికి. గోడకు వేసిన రంగులే ఇక్కడికీ రావాలి. అదే గోధుమ, అదే బూడిద, అదే నాచు పచ్చ.

సొంగకు నీటిని చిక్కబరిచే పొడి మిథైల్ సెల్యులోజ్. లీటరు నీటికి పది నుంచి ఇరవై గ్రాములు. పొడిని నేరుగా చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. మూడో వంతు నీటిని బాగా వేడిచేసి అందులో పొడిని చెదరగొట్టి, మిగతాది చల్లటి నీళ్లు పోసి కలుపుతూ ఉంటే చిక్కబడుతుంది. ముందురోజు రాత్రి చేసి పెట్టుకోవాలి. అది దొరకకపోతే సగ్గుబియ్యం జావ వడకట్టి వాడొచ్చు, సాయంత్రానికి పులుస్తుంది. లేటెక్స్ మీద కొబ్బరినూనె, వాజలీన్ మెరుపు కోసం రాసేవాళ్లున్నారు. నూనె తగిలిన లేటెక్స్ ఉబ్బి, మెత్తబడి, వారంలో చిరిగిపోతుంది.

ఇప్పుడు బావి. స్టూడియో ఫ్లోర్‌ను తవ్వలేం, కాబట్టి మెట్లను పైకి కట్టాలి. పది అడుగుల ఎత్తు వేదిక, దాని నుంచి దిగే మెట్లు, అడుగున నీటి తొట్టి. మిగతా లోతు పైకి కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో పొడిగించుకోవచ్చు. జీవికీ నటులకూ తగిలే ప్రతిదీ మాత్రం నిజంగా ఉండాలి. ఇరవై అడుగుల చదరపు తొట్టిలో ఒక అడుగు నీరు అంటే దాదాపు 11,300 లీటర్లు, పదకొండు టన్నుల పైన బరువు. చదరపు అడుగుకు 28 కిలోలు. ప్లైవుడ్ వేదిక మీద ఈ తొట్టి పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా ఆపండి. తొట్టి ఎప్పుడూ గచ్చు మీదే ఉండాలి. నల్ల తార్పాలిన్ రెండు పొరలు పరిస్తే అడుగు లోతు నీరు కూడా అంతులేని లోతులా కనిపిస్తుంది, పైన గోడ ప్రతిబింబం పడుతుంది కాబట్టి. ఆ నీటి దగ్గరికి వెళ్లే ప్రతి కరెంటు లైనుకూ 30 మిల్లీఆంపియర్ల వద్ద కట్ అయ్యే బ్రేకరు ఉండి తీరాలి. ఉందని చెప్పడం కాదు, రోజూ పొద్దున టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

గోడలకు రీపర్ల (సన్న చెక్కపట్టీల) చట్రం, ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీట్లు, దాని మీద రాళ్లు. నిజమైన పాత గోడ మీద లేటెక్స్ పొరలు వేసి తీసిన అచ్చుల్లో పీఓపీ, కొబ్బరిపీచు కలిపి పోస్తే రాళ్లు తేలికగా వస్తాయి. మూడు నాలుగు రకాల అచ్చులు ఉండాలి, తిప్పి తిప్పి అతికించాలి. లేకపోతే ఒకే రాయి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, ప్రేక్షకుడు చెప్పలేకపోయినా కృత్రిమం అని పసిగడతాడు. నీటిమట్టానికి రెండడుగుల పైదాకా పీఓపీ వద్దు. తడి పీల్చుకుని రెండో రోజుకే జావలా రాలుతుంది, అక్కడ ఫైబర్ రాళ్లే. పెద్ద బండలు థర్మకోల్‌తో కోసుకోవచ్చు, కానీ దాని మీద నేరుగా ఫైబర్ రెసిన్ గానీ ఎస్‌ఆర్ గమ్ (రబ్బరు జిగురు) గానీ పడితే కరిగిపోతుంది. ముందు తెల్ల ఫెవికాల్‌తో గుడ్డ అంటించి, ఆరాక పైపని. మెట్ల కింద ఖాళీ ఉంటే అడుగు వేసిన ప్రతిసారీ చెక్క చప్పుడొస్తుంది, రాతి మెట్లు అని ఎవరూ నమ్మరు. ఇసుక బస్తాలు నింపి, పైన పాత కార్పెట్ వేసి, ఆ మీద గరుకు చేయాలి. నాచుకు కొబ్బరిపొట్టు, దుమ్ముకు ముల్తానీ మట్టి. జల్లెడ పట్టిన ముల్తానీ మట్టి గాలిలో నిలబడే తీరు సిమెంటుకు రాదు, ఊపిరితిత్తులకూ సిమెంటు అంత హాని కాదు. అయినా మాస్కులు పెట్టుకోవాల్సిందే.

రావి వేళ్లు ఈ డిజైన్‌కు ప్రాణం. కొబ్బరితాళ్లను పురులు విప్పి, చివర్లు చీల్చి, లేటెక్స్‌లో ముంచి, బిగువుగా వేలాడదీసి ఆరబెడితే వేళ్లవుతాయి. జీవి ముంజేతి నరాలు కూడా అదే తాడుతో, అదే లేటెక్స్‌తో చేయాలి. జీవి నక్కే చోట గోడ మీది రెండు మూడు వేళ్లను దాని చేతి పొడవుకే కత్తిరించి, ఖాళీ ఉంచాలి. నటుడు అక్కడ చెయ్యి ఆనిస్తే వేళ్ల వరస పూర్తవుతుంది. తీస్తే గోడకు రంధ్రం పడినట్టు ఉంటుంది. ఆ గోడ ముక్కను వేరుగా తీయగలిగేలా కట్టాలి, వెనకనుంచి నటుడు ఎక్కడానికి చిన్న నిచ్చెన, నిలబడటానికి అడుగు వెడల్పు పలక, నడుముకు బెల్టు. తాళ్లకు లేటెక్స్ వేయకముందే బోరాక్స్ ద్రావణం పట్టించాలి: రెండు లీటర్ల వేడినీటికి 200 గ్రాముల బోరాక్స్, 85 గ్రాముల బోరిక్ పౌడర్. అది మంటను తగ్గిస్తుందే తప్ప ఆపదు. పైన ఉన్న లేటెక్స్ మండుతుంది, థర్మకోల్ మండుతుంది. కథలో కాగడా ఉంటే ఆ షాట్ వరకు ఆ గోడకు థర్మకోల్ లేకుండా కట్టి, రెండు వైపులా మంటలార్పే సిలిండర్లు పట్టుకుని మనుషులను నిలబెట్టండి.

లైటు దగ్గర అన్నీ కలుస్తాయి. చీకట్లో రంగు కనిపించదు, మెరుపే ఆకారాన్ని చెబుతుంది. అందుకే గోడ పొడిగా, మెరుపు లేకుండా ఉన్న సీనులో జీవికి సొంగ రాయాలి: అది కదిలినప్పుడు మెరుపులు కదులుతాయి, కన్ను అటే వెళ్తుంది. గోడంతా తడిసి మెరిసే సీనులో జీవిని తుడిచి, ముల్తానీ మట్టి పూయాలి. మెరిసే గోడలో మెరవని మచ్చ ఒకటి కదులుతుంది. సూట్ ఒకటే, కానీ రెండు రకాల భయం. జీవి రంగు వెలుతురులో గోడతో సమానంగా ఉండాలి. ముదురుగా ఉంటే నల్ల మచ్చగా ముందే తెలిసిపోతుంది, లేతగా ఉంటే మరీ త్వరగా. సూటును, గోడ ముక్కను పక్కపక్కన పెట్టి, కెమెరాతో నలుపు తెలుపులో చూస్తే తేడా తెలుస్తుంది. షూటింగ్‌కు వారం ముందైనా ఈ పరీక్ష జరగాలి, రంగు మార్చడానికి టైము ఉండాలి.

సూట్‌లోని మనిషి గురించి నిర్మాణ బృందం అందరూ తెలుసుకోవాలి. ఏసీ లేని ఫ్లోర్‌లో, లైట్ల కింద, పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఉంచకూడదు. తల రెండు నిమిషాల్లో ఊడి వచ్చేలా ఉండాలి, లోపల ఐసు ప్యాక్‌లకు జేబులు, ఊపిరికి నోట్లో, ముక్కులో దారులు. నీరు, ఉప్పు, పంచదార చేతికందేలా. ఎదురుగా ఏముందో కనిపించదు కాబట్టి మెట్లు దిగేటప్పుడు నీటి అంచున ఒక మనిషి మాటతో దారి చెప్పాలి. బడేజోకు తాయ్ చీ, మూకాభినయం నేర్పించింది అందుకే: బరువు కింద నిదానంగా కదలడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. మనవైపు పేరిణి, కూచిపూడి నేర్చినవాళ్లలో అలాంటి పట్టు ఉన్నవాళ్లు దొరుకుతారు. స్టంట్ మనిషిని కాకుండా ముందు వాళ్లను అడిగి చూడండి, రిహార్సల్ అట్ట సూట్‌తోనే మొదలుపెట్టండి.

షూటింగ్ ముగిసిన సాయంత్రం సూట్ లోపలి చెమటను పల్చని స్పిరిట్ స్ప్రేతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, పౌడరు చల్లి వేలాడదీయాలి. మడతపెట్టకూడదు, ఎండ తగలకూడదు. ఎండ లేటెక్స్‌ను మొదట జిగటగా, తర్వాత పెళుసుగా చేస్తుంది. చిరుగులకు మధ్యలో సన్న మెష్ పెట్టి లేటెక్స్ వేయాలి. ఆరడానికి రాత్రంతా కావాలి కాబట్టి ఈ పని పొద్దునకు వాయిదా వేయడానికి లేదు. ప్యాచ్ వర్క్, అంటే మిగిలిపోయిన షాట్లు మళ్లీ తీయడం, ఎప్పుడైనా రావచ్చు: అచ్చులను రెండు సగాలూ బిగించి, పేరు రాసి, సినిమా విడుదలయ్యేదాకా పడేయకుండా ఉంచండి. రంగుల పాళ్లు, డెడెనర్ శాతం ఒక నోటుబుక్కులో, గోడ రంగుల పక్కనే రాసిపెట్టండి. అదే పేజీలో రంగు వేసిన సిలికాన్ ముక్క ఒకటి, గోడ పెచ్చు ఒకటి అతికిస్తే ఆరునెలల తర్వాత వచ్చే పెయింటర్‌కు వేరే ఎవరినీ అడిగే పని ఉండదు.